హెన్రీ కైజరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు రాష్ట్రమున, స్ప్రౌట్ బ్రూక్ అను కుగ్రామము కలదు. 1882వ సంవత్సరము మే నెల 9వ తేదీన ఆ గ్రామమునందు ఒక చెప్పులు కుట్టువాని యింట హెన్రీ జాన్ కైజరు జన్మించెను. తల్లిదండ్రులు జర్మనీ దేశమునుండి వలసవచ్చినవారు. తల్లి ఇరుగుపొరుగున వ్యాధిగ్రస్తులకు పరిచర్య చేయుచు సంసారమునకు చేదోడుగా నుండెను. ముగ్గురు అక్కల తరువాత పుట్టిన హెన్రీ ఆ యింటికి కడగొట్టు బిడ్డ. పదుమూడవ యేట అతడు బడి విడిచి, యుటికా పట్టణమున ఒక బట్టల దుకాణములో పనికి కుదిరెను. బడి మానుట ఏ బాలునికిని మంచిది కాదు. కాని ఆ యింట మరియొక దారి లేకుండెను.

హెన్రీకి పదునారేండ్లు దాటిన కొలది కాలమునకే తల్లి మరణించెను. తగిన వైద్యము అందియున్నచో ఆమె బ్రదికియుండెడిదని అతడు తలచెను. ఆ తలపు అతనిని వృద్ధాప్యము వరకును విడువలేదు. ఈ విషయమును చదువరులు గుర్తుంచుకొనవలెను. మున్ముందు దీనితో మరల పనియున్నది.

దుకాణములో కొలువు చేయుచునే హెన్రీ ఛాయాచిత్రములు తీయుట నేర్చుకొనెను. లేక్ ప్లాసిడ్ అను విహారస్థలమున ఒక ఛాయాచిత్రశాల యజమానికడకు పోయి, జీతము లేకుండ పనిచేసెదననియు, వ్యాపారము పెంచి చూపినచో సగము భాగమిమ్మనియు అడిగెను. ఏడాది తిరుగులోపల భాగస్వామి యయ్యెను. మరికొంత కాలమునకు దుకాణమంతయు అతనిదే యయ్యెను. ఆ దుకాణమునకు వచ్చిన బెస్ ఫాస్‌బర్గ్ అను కన్యను అతడు వివాహమాడగోరెను. ఆమె తండ్రి కలప వర్తకుడు. బొమ్మలు తీసి బ్రదుకువానికి పిల్లనిచ్చుట ఆయనకు సమ్మతము కాలేదు. పడమటి సీమకు పోయి, స్థిరమైన పని సంపాదించి, ఇల్లు కట్టి, నాలుగు డబ్బులు నిలువచేసి రమ్మని షరతు పెట్టెను. హెన్రీ 1906లో స్పోకేన్ నగరము చేరి, ఇనుప సామానుల వర్తకులకడ పనిచేసి, మామగారి షరతు నెరవేర్చి, మరుసటి సంవత్సరము బెస్‌ను పెండ్లాడెను.

అది మోటారు కార్లు వెలసిన కాలము. కార్లకు రోడ్లు కావలెను. ఈ సూక్ష్మమును గ్రహించి కైజరు 1914లో రోడ్లు వేయు సంస్థను స్థాపించెను. అంతవరకు మన్ను మోయు తోపుడుబండ్లకు ఇనుప చక్రములుండెడివి. ఆయన వానికి రబ్బరు చక్రములు తగిలించి, మనుష్యులు తోయుటకు మారుగా ట్రాక్టరుచే లాగించెను. పని త్వరితమయ్యెను. 1927లో క్యూబా ద్వీపమునందు 200 మైళ్ళ రోడ్డు, దానిమీది వంతెనలతో సహా, ఆయన వంతునకు వచ్చెను. 1931లో ఆరు కంపెనీలు ఏకమై కొలరాడో నదిపై హూవరు ఆనకట్టను కట్టుటకు పూనుకొన్నప్పుడు వానిలో కైజరుదియు నొకటి. పిమ్మట బోన్‌విల్, గ్రాండ్ కూలీ ఆనకట్టలు. శాస్టా ఆనకట్టకు కావలసిన సిమెంటు సరఫరా చేయుటకు, 1939లో, అంతకుముందెన్నడును సిమెంటు చేసి యెరుగని కైజరు క్రొత్తగా ఒక సిమెంటు కర్మాగారమునే నిలబెట్టెను. తెలియని పనియని వెనుదీయుట ఆయన యెరుగడు. ఆయన గొప్పతనమంతయు ఇందే యున్నది. తరువాత వచ్చిన చిక్కంతయు గూడ ఇందుండియే పుట్టినది.

రెండవ ప్రపంచయుద్ధమున ఆయన పేరు జగత్ప్రసిద్ధమయ్యెను. జర్మనీ జలాంతర్గాములు సరకుల ఓడలను ముంచుచుండగా, మునిగినవానికంటె వేగముగా క్రొత్తవానిని కట్టవలసి వచ్చెను. కైజరు కాలిఫోర్నియాలోని రిచ్‌మండునందును, ఆరిగన్ ప్రాంతమునందును నౌకానిర్మాణ స్థలములను నెలకొల్పెను. పూర్వాచారము ప్రకారము ఓడను అడుగు దూలమునుండి పైకి, రేకువెంట రేకు బిగించుచు కట్టుదురు. కైజరు మనుష్యులు ఓడను పెద్ద పెద్ద ఖండములుగా వేరువేరు చోట్ల ముందే సిద్ధముచేసి, క్రేనులతో ఎత్తి ఒకచోట చేర్చి అతికిరి. రివెట్లు బిగించుట తగ్గించి వెల్డింగు పద్ధతిని విస్తారముగా వాడిరి. అంతకుముందు కర్మాగారపు ముఖము చూడని స్త్రీలు వేలకొలది ఆ పనిలో ఆరితేరిరి. 1942 నవంబరులో రాబర్ట్ ఇ. పియరీ అను ఓడను 4 దినముల 15 గంటల 29 నిమిషములలో కూర్చి నీటిలోనికి దింపిరి. ఇది లోకమునకు చూపుటకై ముందుగా సన్నాహములు చేసి కట్టిన ఓడయే. ప్రతి ఓడయు అట్లే సిద్ధమయ్యెనని తలపరాదు. అయినను యుద్ధము ముగియులోపల కైజరు స్థలములనుండి 1,490 ఓడలు వెలువడెను.

అచ్చటి పనివారికి జబ్బు చేసినచో గతియేమి? సిడ్నీ గార్‌ఫీల్డ్ అను యువ వైద్యుడు 1933 ప్రాంతమున కాలిఫోర్నియా ఎడారిలో కాలువ త్రవ్వు కూలీలకై చిన్న ఆసుపత్రి నడుపుచు, రోగము వచ్చిన పిమ్మట రుసుము తీసికొనుటకు మారుగా, ఆరోగ్యముగా నున్నప్పుడే రోజునకు 5 సెంట్లు ముందుగా వసూలు చేయు పద్ధతిని అమలుపరచెను. కైజరు ఆయనను గ్రాండ్ కూలీకిని, ఆపైన నౌకా స్థలములకును పిలిపించెను. 1945లో ఈ పథకమును సామాన్య ప్రజలకు గూడ తెరచిరి. వైద్యసంఘములు దీనిని గట్టిగా ప్రతిఘటించెను. కైజరు లెక్కచేయలేదు. యుటికా పట్టణపు బాలుని తలపులో నున్నది ఇదియే.

యుద్ధము ముగిసెను. నాలుగేండ్లుగా అమెరికాలో ప్రజలకు క్రొత్త కార్లు లేవు; కర్మాగారములన్నియు యుద్ధ సామగ్రికి తిరిగియుండెను. ఉన్న కార్లు అరిగిపోయినవి. చేతిలో డబ్బుండియు కారు దొరకక జనులు వేచియుండిరి. ఓడలు కట్టినవానికి కార్లు చేయుట ఎంత పని? 1945లో కైజరు జోసెఫ్ ఫ్రేజర్ అను అనుభవశాలియగు కార్ల వర్తకునితో కలిసి కైజర్-ఫ్రేజర్ సంస్థను స్థాపించెను. మిచిగాన్ రాష్ట్రమున విల్లో రన్ అనుచోట ఫోర్డు కంపెనీ బాంబు విమానములు చేసిన మహాకర్మాగారమును అద్దెకు తీసికొనిరి. డెట్రాయిట్ నగరమున పాతుకొనిపోయిన కంపెనీలవారు నవ్విరని చెప్పుదురు. కైజరు తెచ్చిన కోట్ల ధనము ఈ జూదములో ఒక్క పందెమునకు సరిపోవునని ఎవరో అనిరట.

మొదటి మూడేండ్లును ఆ నవ్వు తప్పేయని తోచెను. కార్లకు కరవు కాలము గనుక చేసినదెల్ల అమ్ముడుపోయెను. 1949 నాటికి పెద్ద కంపెనీలు క్రొత్త నమూనాలతో వచ్చిపడెను. ఉత్పత్తి తగ్గించి మంచి నమూనా వచ్చువరకు ఓపికపట్టుదమని ఫ్రేజరు హితవు చెప్పెను. వెనుకకు తగ్గుట తన వంశమున లేదనునట్లుగా కైజరు ఆ సలహాను త్రోసిపుచ్చి ఉత్పత్తిని పెంచెను. కార్లు మైదానములలో బారులు తీరి నిలిచిపోయెను. మిగిలినవానికి క్రొత్త సంఖ్యలు వేసి, 1950వ సంవత్సరపు కార్లని చెప్పి అమ్మవలసి వచ్చెను. ఫ్రేజరు క్రమముగా ప్రక్కకు తొలగెను. పాత వస్తువునకు క్రొత్త ముద్ర వేయుట ఆ సంస్థలో అప్పుడే మొదలైనది.

ఋణము కావలసివచ్చెను. 1949లో ప్రభుత్వ ఋణసంస్థ 4 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చుచు, అందు కొంత భాగమును సామాన్యుని కొఱకు చౌక కారు చేయుటకే వినియోగింపవలెనని నియమము పెట్టెను. ఆ కారు ధర 1,300 డాలర్లకు మించరాదు. అయిదుగురు పెద్దలు కూర్చొనవలెను. గంటకు 50 మైళ్ళ వేగముతో ఎడతెగక పోగలుగవలెను. 1950 సెప్టెంబరు ముగియులోపల బయటికి రావలెను. సామాన్యునికి కారు అందవలెనన్నది కైజరునకును చిరకాల వాంఛయే. యుద్ధకాలమునుండియు ఆయన ఆ మాట చెప్పుచునే యుండెను. కావున ఈ నియమము ఆయనకు బరువుగా తోచలేదు.

కారునకు పేరు పెట్టుటకు బహుమతులతో పోటీ జరిపిరి. దేశమంతట నుండి పేర్లు వచ్చెను. చివరకు నిర్ణయమైన పేరు హెన్రీ జె! ఎవరి కర్మాగారమో వారి పేరే గెలిచినదని జనులు ముసిముసి నవ్వులు నవ్విరి.

ఆ కారు పొట్టిది; ముందు వెనుకల చక్రముల నడుమ దూరము 100 అంగుళములు. రెండే తలుపులు. నాలుగు సిలిండర్లుగాని ఆరు సిలిండర్లుగాని గల ఇంజను విల్లీస్ కంపెనీనుండి కొన్నది. గాలను పెట్రోలుకు సుమారు 30 మైళ్ళు నడచును. ఇంతవరకు బాగుగానే యున్నది. కాని ఖర్చు తగ్గించుటకై మొదటి కార్లలో సామాను పెట్టె మూతను మానివేసిరి. పెట్టె కలదు, బయట మూత లేదు! సామాను పెట్టవలెనన్న వెనుక సీటును మడచి, లోపలినుండి త్రోయవలెను. వెనుక కిటికీలు తెరుచుకొనవు. చేతి వస్తువులు దాచుకొనుటకు ముందర చిన్న అరయైన లేదు. వస్తువునకు దృఢత్వము కలదు; ఇంజను నమ్మదగినది; దానిని నడిపినవారు దూషింపలేదు. అయినను కూర్చున్న ప్రతివానికిని, ఇది డబ్బు లేనివారి కారు అని అది చెప్పుచునే యుండెడిది.

ఇంతకును ధర 1,363 డాలర్లు. మరి కొంచెము చేర్చినచో షెవర్లే, ఫోర్డు కంపెనీల పూర్తి పరిమాణముగల కారు వచ్చును. వాడిన పెద్ద కారు ఇంకను చౌకగా దొరకును. అమెరికాలో నాడు పెట్రోలు మిక్కిలి చౌక. గాలనుకు పది మైళ్ళు కలిసివచ్చునని చిన్న కారు కొనవలసిన అగత్యము లేదు. అదే 1950లో నాష్ కంపెనీ రాంబ్లర్ అను చిన్న కారును విడుదల చేసెను. దాని ధర 1,808 డాలర్లు. రేడియో మొదలగు హంగులన్నియు అందే చేర్చి, చిన్నదైనను ముచ్చటైనదని అనిపించిరి. అది నిలిచెను. కొనువాని జేబు ఎంతయో లెక్కించుట తేలిక. కొనువాని మనస్సు నెఱుగుట కష్టము. కైజరు మొదటిదానిని చక్కగా లెక్కించెను.

తొలి సంవత్సరము 80 వేలకు పైగా కార్లు తయారయ్యెను. కాని గిరాకి త్వరలోనే చల్లబడెను. మిగిలిపోయిన కార్ల వెనుక విడిచక్రమును అలంకారముగా తగిలించి, వాగబాండ్ అను పేరుతో 1952లో అమ్మజూపిరి. ఇంతలో మరియొక ఆలోచన కార్యరూపము ధరించెను.

సియర్స్ రోబక్ అను వర్తకసంస్థను గూర్చి ఇక్కడ కొంత చెప్పవలెను. ఇది చికాగో నగరమున వెలసిన మహావిక్రయశాల. సూది మొదలుకొని నాగలి వరకు అచ్చట దొరకనిది లేదు. మారుమూల రైతు సైతము దాని జాబితా పుస్తకమును చూచి, ఉత్తరము వ్రాసి, కోరిన వస్తువును తపాలాద్వారా తెప్పించుకొనెడివాడు. ఒకప్పుడు ఇంటికి కావలసిన కలపయంతయు కొలతప్రకారము కోసి రైలులో పంపెడివారు. 1908 మొదలు 1912 వరకు మోటారు బగ్గీలను గూడ అమ్మిరి. 1925లో తమ మోటారు టైర్లకు ఆల్‌స్టేట్ అను పేరును, అదియు పోటీ పెట్టియే, ఎన్నుకొనిరి. 1931లో అదే పేరుతో భీమా కంపెనీ తెరచిరి. టైర్లు, బ్యాటరీలు, భీమా అన్నియు ఉన్నవి. మధ్యన కారు ఒక్కటే కొఱత.

కైజరునకు కార్లున్నవి, కొనువారు లేరు. సియర్సునకు కొనువారున్నారు, కారు లేదు. ఇరువురికిని ఒడంబడిక కుదిరెను. 1951 నవంబరులో ఆల్‌స్టేట్ కారును ప్రకటించిరి. అది హెన్రీ జె కారే. అలెక్స్ ట్రెమ్యులిస్ అను నిపుణుడు దాని ముందరి జాలరును, ముక్కుపైని చిహ్నమును మార్చెను. లోపలి సీట్లకు మేలైన గుడ్డ వేసిరి. చక్రములు, బ్యాటరీ, స్పార్కు ప్లగ్గులు సియర్సువారి ఆల్‌స్టేట్ సరకే; వానికి సియర్సువారి హామీయు కలదు. సామాను పెట్టెకు మూత కూడ ఏర్పడెను! అయిదు వందలు, వేయి మైళ్ళ దూరమున నున్న కర్మాగారమును నమ్మనివాడు గూడ, తాతలనాటినుండి కత్తెరలు, కుట్టుమిషనులు కొన్న దుకాణమును నమ్మునని వారి ఊహ. అది తెలివితక్కువ ఊహ కాదు.

మొదట దక్షిణపు రాష్ట్రములలోని కొన్ని సియర్సు శాలలయందు కారును నిలిపిరి. గృహిణి దుప్పట్లు కొనవచ్చి, భర్త రంపము కొనవచ్చి, నడుమ దానిని చూచిరి, తలుపు తీసి మూసిరి, ఇంటికి పోయిరి. 1952వ సంవత్సరపు నమూనా 1,566 కార్లు, 1953వ సంవత్సరపుది 797, వెరసి 2,363. అంతటితో ఆల్‌స్టేట్ కారు చరిత్ర ముగిసెను.

కారణములు వెదకుట కష్టము కాదు. అమెరికాలో క్రొత్త కారు కొనువాడు తన పాత కారును వర్తకునికిచ్చి, దాని వెల తగ్గించుకొని మిగిలినది చెల్లించును. సియర్సు పాత కార్లు తీసికొనలేదు. పాతదానిని తానే అమ్ముకొనవలెనన్న కొనువానికి తలనొప్పి. కారు చెడినచో దుప్పట్ల దుకాణమువారు బాగుచేయగలరా యను సంశయము మరియొకటి. ఇక కైజర్-ఫ్రేజర్ వర్తకుల సంగతి. అంతవరకు ఊరూర సొంత పెట్టుబడితో ఆ కార్లను అమ్మిన చిన్న వర్తకులు, తమ సరకునే ఎదుటి వీధిలోని మహాసంస్థకు మారుపేరుతో ఇచ్చుట చూచి మండిపడిరి. వారి బాధ న్యాయమైనదే. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి: చిహ్నము మారినను కారు మారలేదు. కొనువారు అది గ్రహించిరి. సామాన్యజనము మోసపోవునని పెద్ద వర్తకులు అనుకొన్నంతగా సామాన్యజనము మోసపోదు.

1951లో కైజరు భార్య బెస్ కాలధర్మము నొందెను. ఆ సంవత్సరమే ఆయన ఆలిస్ చెస్టర్ అను నర్సును పెండ్లాడెను. 1953లో విల్లీస్ కంపెనీని కొని, విల్లో రన్ కర్మాగారమును జనరల్ మోటార్సునకు అమ్మివేసి, పనిని టొలీడో నగరమునకు మార్చెను. 1954తో హెన్రీ జె నిలిచిపోయెను. మరుసటి సంవత్సరము కైజరు పేరుగల కార్లు అమెరికాలో అంతరించెను. విల్లీసుతో వచ్చిన జీపు మాత్రము ఆయనను నష్టపెట్టలేదు. ఆ జీపు మన దేశమునకు క్రొత్తది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన నాటినుండియే బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చుచుండిరి. సమితి జీపు ఊరిలోనికి వచ్చినదనగా వెనుక పరుగెత్తిన బాలురలో ఈ వ్యాసకర్త గూడ నొకడు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పుదురు. కైజరు ఇంట ఓడి రచ్చ గెలిచెను. 1955లో ఆర్జెంటీనా ప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, అచ్చుయంత్రములను ఓడలకెక్కించి కోర్డోబా నగరమునకు తరలించెను. అమెరికాలో కొనువారు లేని కైజరు కారు అచ్చట కారబేలా అను పేరుతో 1958 నుండి కొన్ని యేండ్లు అమ్ముడుపోయెను. ఇచ్చటను మారుపేరే. కాని అచ్చట కార్లు అరుదు, ఎదుటివాడు లేడు. కావున పేరు మార్పు ఫలించెను.

కైజరు ఇతర సంస్థల జాడ మన దేశమునను కలదు. 1950 దశకమున జమ్‌షెడ్‌పూరులోని టాటా ఉక్కు కర్మాగారము ఏటికి 20 లక్షల టన్నుల స్థాయికి విస్తరించినపుడు ఆ పనిని కైజర్ ఇంజనీర్స్ సంస్థయే చేపట్టెను. 1958లో బిర్లాలు హిందుస్థాన్ అల్యూమినియం కార్పొరేషనును స్థాపించినపుడు కైజరు అల్యూమినియం సంస్థ భాగస్వామి. ఉత్తరప్రదేశమున రేణుకూటులో ఆ కర్మాగారము 1962లో పని ప్రారంభించెను.

డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట కైజరు హవాయి దీవులకు పోయి హోనొలూలులో స్థిరపడెను. విశ్రాంతికని పోయినవాడు సముద్రతీరమున పెద్ద హోటలు కట్టెను; చిత్తడి నేలను పూడ్చి హవాయి కాయి అను పట్టణమును నిర్మింప పూనెను. గులాబి రంగు ఆ దంపతులకు ప్రీతి. మట్టి త్రవ్వు యంత్రములకును, జీపులకును సైతము ఆ రంగే వేయించి, తెల్లవారకముందే లేచి పనివారికి ఫోను చేయుచుండెడివాడు. 1958లో అచ్చట తన వైద్యపథకము క్రింద ఒక ఆసుపత్రి తెరచెను. 1967 ఆగస్టు 24వ తేదీన, ఎనుబదియైదవ యేట, హోనొలూలులోనే మరణించెను.

ఆల్‌స్టేట్ కార్లలో కొన్ని ఇప్పటికిని అమెరికాలో మిగిలియున్నవి. పాతకార్లను సేకరించువారు వానిని తుడిచి, మెఱుగుపెట్టి, ప్రదర్శనలకు తెచ్చుచుందురు. గార్‌ఫీల్డ్ వైద్యుని 5 సెంట్ల పథకము కైజర్ పర్మనెంటే అను పేరుతో నేటికిని నడచుచున్నది. 1 కోటి 20 లక్షలకు పైగా జనులు అందు సభ్యులు.